బ్యాటరీ మోసిన నింద

ఇది చదివి నన్ను మంచిదాన్ని అనుకునేవాళ్లు ఉండరు. ఉండనక్కరలేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

అయిజలో మాది నేత ఇల్లు. మగ్గం గదికి కిటికీ లేదు. పెట్టించుకోలేక కాదు. ఎండ తగిలితే పట్టు రంగు వెలిసిపోతుంది, గాలి తగిలితే పడుగు ఎండి పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని గద్వాల చీర నేసే మనిషి పట్టపగలు కూడా చీకటి గదిలోనే కూర్చుంటాడు. నెత్తి మీద బల్బు వెలగాలి. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్లకు, పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాకా వచ్చేది కాదు. కిరసనాయిలు దీపం పెడదామంటే మసి. మసి పడిన పట్టుచీరను ఎవరూ కొనరు, మనమే కట్టుకోవాలి. పట్టుచీర కట్టుకుని నేను ఎవరి పెళ్లికి పోవాలి?

మా చీరకు మూడు నాడెలు, అంటే అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే చెక్క కండెలు. నడుమ నూలు, రెండు పక్కలా పట్టు అంచు. నూలు పోగు అంచు దగ్గరికి వచ్చి పట్టు పోగుతో మెలిక పడి వెనక్కి తిరగాలి. అలా వరస వరసకూ మెలిక పడాలి. ఒక్కటి తప్పినా అక్కడ సన్నగా చీలిక కనబడుతుంది. మా ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నడుమ నాడె, కుడి అంచు నాడె వేసేవాడు. నేను ఎడమ పక్క బల్ల మీద కూర్చుని ఎడమ అంచు నాడె అందించేదాన్ని. పెళ్లయిన మూడో నెల నుంచి నా చోటు ఆ బల్లే.

పన్నెండేళ్లపాటు ఎడమ అంచులో ఏ తప్పు వచ్చినా నాది. కుడి అంచులో వస్తే, నేను బల్ల కదిలించానని అదీ నాదే. మాకు పిల్లలు పుట్టలేదు, అది కూడా నా లెక్కలోనే పడింది. ఒకసారి మెలిక తప్పానని నాడె తీసి విసిరాడు. నాడెకు రెండు కొసలా ఇనప ములుకు ఉంటుంది. కుడి కనుబొమ మీద నాకున్న గీత దానిదే. ఎవరైనా అడిగితే గడప తగిలిందని చెప్పేదాన్ని. గడప తగిలితే కాలి వేలికి తగులుతుంది గాని కనుబొమకు ఎట్లా తగులుతుందని ఒక్కరూ అడగలేదు.

దెబ్బ కంటే గద్వాల ప్రయాణం నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. నూలు, పట్టు, జరీ అన్నీ గద్వాల షావుకారువి. నేసి ఇచ్చి కూలి తెచ్చుకోవడం మా పని. షావుకారు చీరను తెల్ల దుప్పటి మీద పరిచి, అంచును రెండు వేళ్లతో సాగదీసి, వాకిలి వెలుతురుకు పట్టి చూసేవాడు. చీలిక కనబడగానే "ఇదేందయ్యా?" అనేవాడు. మా ఆయన నా వైపు చూపించి "ఆడమనిషి నాడె సేటూ. ఎంత చెప్పినా చెయ్యి కుదురుతలేదు" అనేవాడు. షావుకారు నవ్వేవాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, నేను ఇంటికొచ్చి ఆ నవ్వుకే ఏడ్చేదాన్ని.

అలాంటి రోజుల్లో వనపర్తి నుంచి ఒకాయన వచ్చాడు. సోలారు దీపాలు అమ్ముతాడు. నడివయసు మనిషి, బక్కగా ఉంటాడు, మోపెడ్ బండి వెనక ఒక పలక కట్టుకుని వీధి వీధి తిరుగుతాడు. కప్పు మీద ఎండ పట్టే ఒక పలక, గదిలో ఒక బ్యాటరీ, గోడకు ఒక చిన్న డబ్బా, రెండు తెల్ల బల్బులు. బ్యాంకు అప్పు ఇస్తుంది, సర్కారు కొంత భరిస్తుంది, మిగిలింది మనం కట్టాలి. మాకు ఏ లెక్కయినా చీరల్లోనే అర్థమవుతుంది. మా చేతి నుంచి పోయేది పన్నెండు చీరల కూలి. అందులో సగం ఒక్క బ్యాటరీదే.

"పలక ఇరవై ఏండ్లు ఉంటదన్నా, దానికేం కాదు," అన్నాడు సోలారాయన. "బ్యాటరీ సంగతే జర చూసుకోవాలె. ఎంత ఎండ తిన్నదో అంతే వాడుకోవాలె. అడుగంటిందాక తోడితే ఏడాదికే సస్తది. ఈ డబ్బా ఉన్నది చూడు, బ్యాటరీ తక్కువైతే ఎర్ర లైటు ఇచ్చి బల్బు బంద్ చేస్తది. బంద్ అయితే బంద్ అయింది, దాన్ని గెలకద్దు."

ఒక బల్బు మగ్గం మీద, ఒకటి వంటింట్లో పెట్టాడు. నెలకొకసారి బ్యాటరీలో పోయడానికి గద్వాల నుంచి సీసాలో నీళ్లు తెచ్చేవాళ్లం. మేము తాగేవి చౌడు నీళ్లు, బ్యాటరీ తాగేవి కొన్న నీళ్లు. అయినా మొదటి ఏడాది మా వీధిలో మేమే గొప్ప. కరెంటు పోయి పక్క మగ్గాలన్నీ ఆగినప్పుడు మా మగ్గం ఒక్కటే టకటకమంటుంటే, మా ఆయన కావాలని గట్టిగా దగ్గేవాడు. ఆ ఏడాది నన్ను తిట్టడం కూడా తగ్గించాడు. వెలుతురు బాగుంటే మనిషీ బాగుంటాడనుకున్నాను. నా పిచ్చి.

రెండో ఏడాది మెలికలు తప్పడం మొదలైంది. కుడి అంచులోనూ తప్పుతున్నాయి, ఎడమ అంచులోనూ తప్పుతున్నాయి. మొదట నన్నే తిట్టాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు కూడా కుడి వైపు తప్పింది. అప్పుడిక తిట్టడానికి నేను దొరకలేదు. తల పైకెత్తి బల్బును చూశాడు.

"లైటు అంచుల దాక అందుతలేదు," అన్నాడు.

బల్బును ఎడమకు జరిపించాడు. కుడి చీకటి అన్నాడు. కుడికి జరిపించాడు. ఎడమ చీకటి అన్నాడు. చివరికి వంటింటి బల్బు ఊడదీసి తెచ్చి, ఎడమ అంచుకొకటి, కుడి అంచుకొకటి కట్టాడు. నేను పొయ్యి దగ్గర తడుముకుంటూ వండాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని మనసులో అనుకున్నానే గాని, ఆడలేకపోవడం ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

రెండో బల్బు కట్టిన రోజే తెలిసింది. గదంతా తెల్లగా వెలుగుతోంది. నేల మీద చీమ కూడా కనబడేట్టుంది. ఆయన ఎడమ మోకాలి పక్కన నడుమ నాడె పడి ఉంది. దాని కోసం తడుముతున్నాడు. అరచేయి నాడెకు జానెడు దూరంలో పచ్చిక మీద దూడ మూతిలాగ వెతుకుతోంది. నేను ఏమీ అనకుండా నాడెను కొంచెం ముందుకు, ఆయన ముఖానికి ఎదురుగా జరిపాను. వెంటనే తీసుకున్నాడు. మళ్లీ పక్కన పెట్టినప్పుడు ఇంకొంచెం పక్కకు జరిపాను. మళ్లీ తడుముడు. మూడుసార్లు అలా చేశాను. ఆయనకు ఎదురుగా ఉన్నదంతా కనబడుతోంది, సూదిలో దారం కూడా ఎక్కిస్తాడు. పక్కలే పోతున్నాయి. తలుపు రెక్కకు భుజం ఎందుకు తగులుతోందో, అన్నం పళ్లెం పక్కన పెట్టిన చెంబు రోజూ ఎందుకు దొర్లుతోందో ఒక్కసారిగా అర్థమైంది.

నేతగాడికి కళ్లు పోతే మగ్గం పోతుంది. మగ్గం పోతే ఇంట్లో ఆయన మాటకు విలువ లేదు. ఆయనకు ఉన్నది ఆ గుంత ఒక్కటే. ఇదంతా నాకు ఆ నిమిషంలోనే తెలుసు. పెద్ద దవాఖానలో చూపించుకుంటే ఏమైనా ఫలితం ఉంటుందేమో అనే ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందనే చెబుతున్నాను.

కాని నాకు సంతోషం కలిగింది. దాచి లాభం లేదు. పన్నెండేళ్లు నా చెయ్యి వంకర అన్న మనిషి, ఇప్పుడు తన తప్పును ఎవరి నెత్తిన రుద్దాలో తెలియక బల్బు కేసి చూస్తున్నాడు. ఆ చూపు నాకు తీపిగా ఉంది. రుద్దుకోనీ, ఎన్నాళ్లు రుద్దుకుంటాడో చూద్దామనుకున్నాను.

రెండు బల్బులూ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వెలిగితే ఆ బ్యాటరీ ఎక్కడ తట్టుకుంటుంది? మూడింటికల్లా డబ్బా మీద ఎర్ర లైటు వచ్చి బల్బులు ఆరిపోయేవి. మా ఆయన నాలుగు రోజులు చూసి, ఐదో రోజు డబ్బాను తప్పించి బల్బుల వైరు నేరుగా బ్యాటరీకే కట్టేశాడు. గెలకద్దని చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తు చేయలేదు. ఆరు నెలలు తిరగకముందే బ్యాటరీ చచ్చింది. పొద్దంతా ఎండ కాసినా గంటసేపు మిణుకుమని ఆరిపోయేది.

ఈ ఆరు నెలలూ నాకింకో పని పెట్టాడు. పలక మీద దుమ్ము వల్లే వెలుతురు తగ్గుతోందని, రోజూ పొద్దున్నే నిచ్చెన వేసుకుని కప్పెక్కి తుడవమన్నాడు. తుడిచాను. తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో ఒకసారి. అద్దంలాంటి పలకను అద్దంలా తుడిచాను. పక్కింటామె కింద నుంచి "ఏమక్కా, దినాం తోముతున్నవ్, అండ్ల మొకం కనవడతదా?" అని వేళాకోళం చేసేది. "కనవడతది, నీది గూడ చూసుకుందువు రా" అనేదాన్ని. కిందికి దిగి వచ్చి "తుడిచిన" అని చెప్పేదాన్ని. ఆయన బల్బు చూసి "ఇప్పుడు జర నయం" అనేవాడు. నేను తుడవకుండా తుడిచానని చెప్పిన రోజు కూడా జర నయమే అన్నాడు. ఆ రోజు వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

కొత్త బ్యాటరీ కొనాలి. ఆరు చీరల కూలి. పాతదానిలోని సీసం అమ్మితే వచ్చేది ఒక చీర కూలి కూడా లేదు. బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు. మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నేను లోపలికి పోయి నా వెండి కడియాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. మా అమ్మ పెట్టిన కడియాలు అవి. ఆయన నా ముఖం వంక చాలాసేపు చూశాడు. ఎంత మంచి పెళ్లామో అనుకుంటున్నాడనుకున్నాను. ఆ కడియాలతో ఒక్క వెలుగు రేఖ కూడా రాదని నాకు తెలుసు. కొత్త బ్యాటరీ వచ్చాక కూడా మెలిక తప్పినప్పుడు ఈయన ముఖం ఎట్లుంటుందో చూడాలని తెచ్చాను. ఆ చూపు కోసం అమ్మ పెట్టిన వెండి ఇచ్చేశాను. ఇంతకంటే చెడ్డ పని నేను జీవితంలో చేయలేదు.

కొత్త బ్యాటరీ వచ్చింది. వారం రోజులు ఏమీ అనలేదు. తర్వాత "ఇది గూడ గుడ్డిదే" అన్నాడు. వనపర్తికి ఫోన్ చేయించి సోలారాయనను పిలిపించి, ఆ మనిషి మోపెడ్ దిగకముందే తిట్లు లంకించుకున్నాడు. మోసగాడివన్నాడు, పాత బ్యాటరీకి రంగు వేసి తెచ్చావన్నాడు. సోలారాయన బ్యాటరీ పక్కన కూర్చుని మూతలు విప్పి, గాజు గొట్టంతో ప్రతి అరలో నీళ్లు పీల్చి చూశాడు. వైరుకు ముల్లు ఉన్న మీటరు పెట్టి చూశాడు. బల్బులు వెలిగించి చూశాడు.

"అన్నా, బ్యాటరీ నిండుగున్నది," అన్నాడు మెల్లగా. "ఇంతకంటె మంచి వెలుతురు నేను యాడ చూడలే."

"అంటే నేను అబద్దమాడుతున్ననా? నలభై ఏండ్ల సంది పోగు చూసే కండ్లు ఇవి. నీ ముల్లు చెప్పింది నిజము, నా కండ్లు అబద్దమా?"

సోలారాయన సామాను సర్దుకుని వాకిట్లోకి వచ్చాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. తాగి, చెంబు చేతిలో పట్టుకునే అడిగాడు.

"అక్కా, ఏమనుకోకు. అన్నకు కండ్లు చూపిచ్చిన్రా?"

తలుపు తెరిచే ఉంది. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. మా ఆయన వింటున్నాడని నాకు తెలుసు. అవునన్నా, చూపించాలె అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నా నాలుక మీద ఉంది.

"ఆయన కండ్లకేమైంది? మంచిగనే ఉన్నయి," అన్నాను గట్టిగా. "మీ సరుకే మంచిది కాదు."

చెంబు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు పాపం. మా ఆయన వీధి వీధంతా సోలారాయన పరువు తీశాడు. సోలారు కొందామనుకున్న మరో నాలుగు నేత ఇళ్ల వాళ్లు మానుకున్నారు. ఆ మనిషి మళ్లీ మా వీధికి రాలేదు. ఆయనను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా ఇద్దరి మధ్య పగకు ఆయనకేం సంబంధం?

ఇంకో ఏడాది పైన గడిచాక, చివరికి సంగతి బయటపెట్టింది షావుకారు. ఆయన నవ్వే రోజులు పోయాయి. ఒకనాడు మా చీర విప్పి, అంచులు రెండూ చూసి మడిచి పక్కన పెట్టాడు. మా ఆయన అలవాటు ప్రకారం "ఆడమనిషి నాడె..." అనబోయాడు.

"ఆపు. ఇది కుడి దిక్కు. కుడి నాడె నీదే గద," అన్నాడు షావుకారు. పరుపు మీద నుంచి లేచి వచ్చి మా ఆయన పక్కగా నిలబడి, చెవి దగ్గర చెయ్యి ఆడించాడు. మా ఆయన అటు తిరగనైనా తిరగలేదు. షావుకారు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. "కండ్లు చూపిచ్చుకొని రా. చీటీ తెచ్చిందాక పట్టు ఇయ్య."

గద్వాలలోనే ఒక బడిలో కంటి డాక్టర్లు వచ్చి ఉచితంగా చూస్తున్నారు. ఉచితంగా. ఆరు చీరల కూలి బ్యాటరీకి పోసిన మేము, ఆ వరసలో పైసా ఖర్చు లేకుండా నిలబడ్డాము. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. ఒక కన్ను మూయించి, తన వేలును పక్క నుంచి మెల్లగా జరుపుతూ ఎక్కడ కనబడుతుందో చెప్పమంది. వేలు ముక్కు దగ్గరికి వచ్చేదాకా ఆయన చెప్పలేదు. ఇంకేవో యంత్రాలతో చూసి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఇది శుక్లం కాదు, ఆపరేషన్ చేస్తే రావడానికి. నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోయింది. పోయిన చూపు రాదు. మిగిలినదాన్ని చుక్కలు వేసుకుంటూ కాపాడుకోవాలి. ఒక రెండేళ్ల ముందు వచ్చి ఉంటే చాలా మిగిలేది." తర్వాత నా వైపు తిరిగింది. "ఇంట్లో ఎవరూ గమనించలేదా అమ్మా?"

నా బదులు ఆయనే చెప్పాడు.

"ఇంట్ల లైటు సరిగ లేకుండె మేడం. గందుకే తెల్వలే."

చుక్కల సీసా తీసుకుని అయిజ బస్సు ఎక్కాము. ఆయన కిటికీ పక్కన, నేను ఈ పక్కన. బస్సు మల్దకల్ దాటింది. తర్వాత ముఖం కిటికీ వైపే ఉంచి అడిగాడు.

"ఎప్పటి సంది ఎరుక నీకు?"

అబద్ధం చెప్పవచ్చు. కాని తిట్టించుకోవాలనిపించింది, కొట్టినా సరే అనిపించింది.

"రెండో బల్బు కట్టిన్నాటి సంది," అన్నాను.

తిట్టలేదు. తల ఊపాడు.

"నాకు గంతకు ముందుగాలనే ఎరుక," అన్నాడు. "నా నోటితోని నేనంటే మగ్గం దిగాలె. నువ్వంటే దవాఖానకు పోదుమనుకున్న. ఇయ్యాల అంటదేమో, రేపు అంటదేమో అని దినాం చూసిన. కడియాలు తెచ్చి పెట్టిన్నాడు అంటవనుకున్న. సోలారాయన అడిగిన్నాడు మగ్గం ఆపి మరీ విన్న."

బస్సులో ఎవరో పిల్ల ఏడుస్తోంది, కండక్టరు చిల్లర కోసం ఎవరితోనో కొట్లాడుతున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఏడ్చే హక్కు కూడా నాకు లేదనిపించింది. ఆయన భయపడ్డాడు, నేను పగ పట్టాను, ఇద్దరం కలిసి బ్యాటరీని తిట్టుకుంటూ రెండేళ్లు గడిపాము. ఆ రెండేళ్లలోనే చూపు పోయింది.

అయిజ వచ్చింది. జనం తోసుకుంటూ దిగుతున్నారు. ఆయన మెట్టు కోసం కాలితో వెతుకుతుంటే వెనక నుంచి "జల్ది దిగుండ్రి" అని అరుస్తున్నారు. నేను ముందే దిగి, పక్కన నిలబడి చెయ్యి చాపాను. ఆయన పట్టుకోలేదు. బస్సు కమ్మీ పట్టుకుని తనంతట తనే దిగాడు. పక్క నుంచి చాపిన నా చెయ్యి ఆయనకు కనబడలేదో, కనబడి కూడా వద్దనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.